పదిహేడో గూటం

నెలకోసారి, మొదటి మంగళారం
వర్ధా వంతెన దాటి చిచ్‌బోడికి పోతం.
ధోటే సాబ్ లెవెల్ మిషిని మీద వంగి
ఒక కన్ను మూస్తడు.
నేను గూటం గూటం మీద
స్టాఫు కర్ర నిలబెడత.
నా పని కదలకపోవుడు.
గాలి కొట్టినా, ఈగ వాలినా
తూలకుండ నిలబడ్డందుకే
నాకు కంపెనీ జీతం.

కింద ముప్పై ఐదు మీటర్ల లోతుల పాత బాయి.
మా నాయిన అండ్ల ఇరవై ఆరేండ్లు డ్రెస్సరు.
గడ్డపారతోటి కప్పును తట్టి
చెవి పెట్టి వినేటోడు.
కణ్ణుమంటే అన్నం తినొచ్చు,
బొద్దుమంటే సద్ది గిన్నె ఇడిచిపెట్టి ఉరకాలె.
ఆఖరి రెండేండ్లు పిల్లర్లు తీసిన్రు
గుడిసెల మనుషులుండంగనే
నిట్టాడు గుంజినట్టు.
ఆయన కింద తీసిండు.
నేను పైన కొలుస్తున్న.
నడుమ నలబై ఏండ్ల మట్టి.

పత్తి చేన్ల నడుమ నేల తాంబాళం లెక్క లోతువడ్డది.
ఆ నీళ్లల్ల బర్లు మునిగి కూసుంటయి.
గిరిజాబాయి ఆత్రాం మరాఠీల అంటది:
"జమీన్ బసలీ."
మేం "కుంగింది" అని రాస్తం.
ఆమె మాటల భూమి
ఎండన పడి నడిచొచ్చి
అరుగు మీద కూలబడ్డ మనిషి.

పదిహేడో గూటం ఆమె వాకిట్లనే.
మేకను దానికే కడతది,
వద్దంటే నవ్వుతది.
"ఈ నెల ఎంత?"
మూడు మిల్లీమీటర్లు.
"అంటే?"
జొన్న గింజంత.
"గింజంత దానికి గింత మిషినా!"

గోడ పగులు మీద మేం అతికిన గాజు పలక
దసరా నాటికి రెండు ముక్కలు.
"పోరగాండ్ల బంతి తగిలింది" అన్నది.
ఆ ఇంట్ల బంతాడే పోరగాండ్లు లేరు.
సాబ్ ఏదో రాసుకున్నడు,
నేను చూడలే.

దీపావళి ఎల్లినంక
సాబ్ కన్ను తుడుచుకొని మళ్ల చూసిండు.
"సరిగ్గ పట్టు."
పట్టిన.
"ఇంకోసారి."
పదహారు దిగింది. పద్దెనిమిది దిగింది.
పదిహేడు మాత్రం
పద్నాలుగు మిల్లీమీటర్లు పైకొచ్చింది.

మోకాళ్ల మీద కూసొని గీకిన.
కొత్తగ అలికిన పేడ,
పేడ కింద కూరిన మట్టి,
గూటం అడుగున
ఇంటి కప్పు మీది పెంకు ముక్క.

గిరిజాబాయి దాచలే.
"గూటం దిగితే ఇల్లు ఖాళీ చెయ్యమంటరట.
అందుకే నేనే కొంచెం లేపిన."
సాబ్ టోపీ తీసిండు, మళ్ల పెట్టుకున్నడు.

ఒట్టు, నాకూ బుద్ధి పుట్టింది.
కర్ర కింద బొటనవేలు పెడితే చాలు,
బుక్కుల ఆ ఇల్లు
ఇంకో నెల నిలబడతది.
ఎవలు చూస్తరు?
వేలు చెప్పుల ముడుసుకున్నది.

కర్ర సాబ్ చేతికిచ్చి
మూలకున్న రోకలి అందుకున్న.
ఆమె ఏందని అడగలే.
గడప దగ్గర తట్టిన, కణ్ణు.
పొయ్యి పక్కన, కణ్ణు.
బియ్యం డబ్బా దగ్గర
కొంచెం మొద్దుగ.
మంచం కింద వంగి
చెయ్యి చాపి తట్టిన.

చిన్నప్పుడు ఇంట్ల
నాయిన కడుపు మీద కొట్టుకొని చూపెట్టిన చప్పుడు,
ఇట్లనే ఉంటదిరా,
మరిచిపోకు.

నేనేం చెప్పలే.
ఆమె ఇంకోసారి తట్టమన్నది.
తట్టిన.
కాసేపు నేల దిక్కే చూసింది,
ఎవలో లోపట్నుంచి పిలిచినట్టు.
ఇంక కొంగు నడుముకు చుట్టి
మంచం తలాపు దిక్కు పట్టుకున్నది.

"చూస్తవేంది," అన్నది,
"ఆ కొస లేపు."